వేట చిట్టాలో వేటగాడు: జింకల వేట నమోదు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వేటను గురించిన రచనల్లో ఆయుధాలు, రాజుల వినోదాలు, తరిగిపోయిన మృగసంపద ప్రధానంగా కనిపిస్తాయి. వేట ముగిసిన తరువాత జరిగే వ్యవహారం మాత్రం వాటిలో అంచుకే పరిమితమవుతుంది. జింకను కొట్టినవాడు ఆ సంగతిని ఎవరికి చెప్పాలి? ఏ రూపంలో చెప్పాలి? చెప్పిన మాట ఎక్కడ నిలుస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు వేరువేరు కాలాల్లో లభించిన సమాధానాలను గమనిస్తే, అడవి మీద అధికారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో స్పష్టమవుతుంది.

1879 నీలగిరి చట్టం మొదలుకొని 1991 సవరణ దాకా జింకల వేట నమోదు పొందిన పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చట్టం కోరిన చిట్టా జింకలను లెక్కించడానికి ముందే వేటగాడిని ఎంపిక చేసిందన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన. లైసెన్సు పొందినవాడే నివేదిక ఇవ్వగల వేటగాడయ్యాడు. అడవిలో పుట్టి అడవి మీద బతికినవాడి వేటకు ఆ చిట్టాలో గడి లేదు. అతడి పేరు కాగితం మీదికి వచ్చినా ముద్దాయిగానే వచ్చింది.

వేట, షికారు

తెలుగులో ఈ వ్యవహారానికి రెండు మాటలున్నాయి. ‘వేట’ దేశ్యపదం. దాని అర్థపరిధిలో జీవనోపాధి బలంగా ఉంది. సముద్రం మీదికి వెళ్ళే మత్స్యకారులు నేటికీ ‘వేటకు వెళ్ళడం’ అనే అంటారు. కోస్తా ప్రాంతంలో మేక, గొర్రె మాంసానికి ‘వేట మాంసం’ అని పేరు. జంతువును వధించి, పంచి, తినడమనే క్రమం ఈ మాటను విడిచిపోలేదు. పారశీకం నుంచి వచ్చిన ‘షికారు’ దారి వేరు. మూలంలో అదీ వేటే. తెలుగులో మాత్రం అది క్రమంగా సరదాగా తిరిగి రావడమనే అర్థానికి స్థిరపడింది. ఇప్పుడు ‘షికారుకు వెళ్ళాం’ అంటే జింక గుర్తుకు రాదు.

ఈ అర్థపరిణామం వెనుక సామాజిక వాస్తవం ఉంది. షికారు చేసినవాడికి ఆ జింక అన్నం కాదు, అది అతడి విరామకాలానికి గుర్తు. ఆంగ్లంలో వేట జంతువులను ‘గేమ్’ అనడమూ ఇటువంటిదే. ఆ భాషలో ఆటకూ అదే మాట. 19వ శతాబ్దంలో మద్రాసు రాజధానిలో వచ్చిన చట్టాలు రక్షించదలచినది ఈ ‘గేమ్’నే. అంటే ఆ చట్టాల భాషలో షికారు చోటు సంపాదించుకుంది, వేట సంపాదించుకోలేదు.

తెలుగు కావ్యం ఈ రెండింటినీ చిత్రించింది. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట రాజవినోదం. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని వేట బోయపల్లె బతుకులో భాగం. 16వ శతాబ్దపు కవులు పక్కపక్కన నిలిపిన ఈ ఇద్దరు వేటగాళ్ళలో ఒకడికే తరువాతి ప్రభుత్వ దస్త్రం చోటిచ్చింది.

ఊరికి చెప్పిన లెక్క

లిఖిత నమోదు లేని సమాజంలో వేటకు లెక్క లేదనుకోవడం పొరపాటు. విశాఖ మన్యంలో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగ ఇందుకు నిదర్శనం. ఆ పండుగలో మగవారు గుంపుగా వేటకు వెళతారు. వేట దొరికితే ఊరంతా పంచుకుంటుంది. వట్టి చేతులతో వచ్చినవారిని ఆడవారు ఎగతాళి చేస్తారు. ఇక్కడ వేటగాడు తన ఫలితాన్ని దాచుకోలేడు. ఊరి ముందుకు రావడమే అతడి నివేదిక, పంపకమే దాని నమోదు. సాక్షులు అందరూ.

ఈ లెక్కకు కొన్ని పరిమితులున్నాయి. ఆ ఏడాది ఎన్ని జింకలు పడ్డాయో మరుసటి తరానికి అంకెల్లో అందదు. పొరుగు ఊరి లెక్కతో దాన్ని కలిపి చూసే వీలూ లేదు. అయితే ఎవరు వేటాడారు, ఎవరు తిన్నారు అనే రెండు విషయాలను అది స్పష్టంగా నిలబెడుతుంది. ప్రభుత్వ చిట్టా మొదటిదాన్ని కొందరికే పరిమితం చేసింది. రెండోదాన్ని అసలు అడగలేదు.

కొలత, ఛాయాచిత్రం

మద్రాసు రాజధానిలో 1877లో నీలగిరి గేమ్ అసోసియేషన్ ఏర్పడింది. రెండేళ్ళకు, 1879లో, నీలగిరి వేటజంతువుల, చేపల పరిరక్షణ చట్టం వచ్చింది. వేట కూడని కాలాన్ని నిర్ణయించడం దాని ముఖ్యోద్దేశం. 1912 నాటి అఖిల భారత చట్టం అడవి పక్షులనూ జంతువులనూ కలిపి ఒక పట్టిక చేసి, అందులో జింకలను చేర్చింది. స్థానిక ప్రభుత్వం ఏడాది మొత్తాన్నిగానీ, కొంత భాగాన్నిగానీ నిషేధకాలంగా ప్రకటించవచ్చు. ఆడ జంతువులకూ ఎదగని వాటికీ విడిగా నిషేధం విధించవచ్చు. మొదటి నేరానికి జరిమానా 50 రూపాయల వరకు. పంటను కాపాడుకోవడానికి చంపిన రైతుకు మినహాయింపు ఉంది.

ఈ చట్టాల పద్ధతిలో ఒక విశేషం ఉంది. ఎప్పుడు చంపకూడదో అవి చెప్పాయి. ఎన్ని చంపారో చెప్పమని 1912 చట్టం వేటగాడిని అడగలేదు. కాలాన్ని అదుపు చేస్తే సంఖ్య దానంతట అదే అదుపులో ఉంటుందన్న నమ్మకం దీని వెనుక కనిపిస్తుంది.

ఆనాటి వేటగాళ్ళు లెక్కలు రాయలేదని కాదు. వారు రాసినవి వేరే లెక్కలు. లండనులో రోలండ్ వార్డ్ సంస్థ 1892లో ప్రపంచ మృగాల కొమ్ముల కొలతల గ్రంథాన్ని ప్రచురించింది. తరువాతి కూర్పులతో అది షికారీలకు ప్రమాణగ్రంథమైంది. అందులోకి ఎక్కేది జింకల సంఖ్య కాదు, కొమ్ము పొడవు. వంద సాధారణ దుప్పులను కొట్టినవాడికి అందులో చోటు లేదు. అసాధారణమైన కొమ్ములున్న ఒక్క కణితిని కొట్టినవాడికి ఉంది. ఇది వేటగాడి గౌరవానికి సంబంధించిన నమోదు, అడవి స్థితికి సంబంధించినది కాదు.

ఛాయాచిత్రమూ అదే పని చేసింది. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు హైదరాబాదు సంస్థానంలో వేటకు వచ్చినపుడు, వరంగల్లు జిల్లా నెక్కొండ దగ్గరి విడిదిలో లాలా దీన్‌దయాళ్ తీసిన చిత్రం ప్రసిద్ధం. చచ్చిన పులి ముందు దంపతులు నిలిచి ఉన్న ఆ చిత్రం పులివేటకు సంబంధించినదే అయినా, నమోదు పద్ధతి జింకకూ వర్తిస్తుంది. జంతువు, తుపాకి, అతిథి అందులో స్థిరంగా నిలిచారు. మృగాన్ని జాడ తీసి, అలికిడి చేసి లేపిన స్థానికుల నైపుణ్యం లేకుండా అటువంటి వేట సాగదు. చిత్రం కింది పేరు మాత్రం అతిథిదే.

పదవ సెక్షను

వేటగాడు తన వేటను ప్రభుత్వానికి నివేదించాలన్న బాధ్యతను దేశవ్యాప్త చట్టంలో విస్పష్టంగా పొందుపరచినది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. వన్యప్రాణులు అప్పుడు రాష్ట్రాల జాబితాలోని అంశం. అందుచేత 11 రాష్ట్రాల శాసనసభలు తీర్మానించి కోరిన మీదట పార్లమెంటు ఈ చట్టం చేసింది. ఆ 11 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కనుక ఈ చట్టం తెలుగు నేల మీద బయటి నుంచి వచ్చి పడినది కాదు, ఇక్కడి శాసనసభ సమ్మతితో వచ్చినది.

మూల చట్టం వేటను పూర్తిగా నిషేధించలేదు. తొమ్మిదవ సెక్షను కింద ప్రత్యేక మృగాలకు, పెద్ద మృగాలకు, చిన్న మృగాలకు, సజీవంగా పట్టడానికి వేరువేరు లైసెన్సులుండేవి. చుక్కల దుప్పి, కణితి మూడవ షెడ్యూలులో, అంటే పెద్ద మృగాల వర్గంలో చేరాయి. కొత్తగా మొలిచి ఇంకా నూగుచర్మం వీడని కొమ్ములున్న జింకను కొట్టడం మీద ఆంక్ష ఉండేది.

నమోదు విధానమంతా పదవ సెక్షనులో ఉండేది. లైసెన్సుదారుడు తాను చంపిన, పట్టిన జంతువుల వివరాలతో చిట్టా ఉంచుకోవాలి. రెండు, మూడు, నాలుగు షెడ్యూళ్ళలోని జంతువును చంపినా, గాయపరచినా, పట్టినా 15 రోజుల్లోగా, లేదా అనుమతించిన ప్రాంతాన్ని విడిచే లోపున, ఏది ముందైతే అప్పటికి రాతపూర్వకంగా తెలియజేయాలి. లైసెన్సు గడువు తీరిన 15 రోజుల్లో చిట్టానూ లైసెన్సునూ అప్పగించాలి.

ఇందులో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, ‘గాయపరచినా’ అన్న మాట. దెబ్బ తిని పొదల్లోకి వెళ్ళి చచ్చిన జింక కొమ్ముల గ్రంథంలోకి ఎన్నడూ రాదు. చట్టం మొదటిసారిగా వేటగాడి వైఫల్యాన్ని కూడా రాయమంది. అడవికి జరిగిన నష్టం అతడి విజయానికి సమానం కాదన్న గుర్తింపు ఇది. రెండవది, సాక్షి ఎవరన్న ప్రశ్న. చిట్టా రాసేది వేటగాడే. గాయపడిన జింకను చూసినవాడు అతడొక్కడే అయినపుడు, విధానం అతడి నిజాయితీ మీదే నిలుస్తుంది. ఊరి ముందుకు వచ్చే వేటగాడికి ఉన్న సామూహిక సాక్ష్యం ఇక్కడ లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఈ సెక్షనులోని కర్త. నివేదించాల్సినవాడు ‘లైసెన్సుదారుడు’. దరఖాస్తు చేసి, రుసుము కట్టి, చిట్టా రాయగలిగినవాడే చట్టం దృష్టిలో వేటగాడు. నల్లమల చెంచుల జీవనాన్ని హైమన్‌డార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. దుంపలు, తేనె సేకరణతోపాటు విల్లంబులతో వేట వారి బతుకులో భాగం. అటువంటి సమాజానికి 15 రోజుల గడువులో రాతపూర్వక నివేదిక అన్న నియమం అందుబాటులో లేనిది. వారు నియమం ఉల్లంఘించారనడం కంటే, నియమం వారిని ఊహించలేదనడం సరైనది. చట్టం 65వ సెక్షను నికోబారు దీవుల షెడ్యూల్డు తెగల వేట హక్కులకు మినహాయింపునిచ్చింది. అటువంటి మినహాయింపు నల్లమలకు లేదు.

మరొక చిట్టా

వేట చిట్టా వల్ల ఏమి సాధించవచ్చో తెలియడానికి వేరొక దేశపు అనుభవం పోలికగా పనికివస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 1953లో వేటాడిన ప్రతి జింకనూ నమోదు కేంద్రానికి తెచ్చి చూపడం తప్పనిసరి చేసింది. కేంద్రాల్లో జింక ఆడదో మగదో రాసేవారు, కొన్నిటి దంతాలు చూసి వయస్సు అంచనా వేసేవారు. ఆ అంకెల నుంచి అడవిలో మిగిలిన మందను లెక్కగట్టి, మరుసటి ఏటి అనుమతుల సంఖ్య నిర్ణయించేవారు. 2015లో కేంద్రాల స్థానంలో టెలిఫోను, అంతర్జాల నమోదు వచ్చింది. జంతువును చూపడం పోయి, మళ్ళీ వేటగాడి మాటే ఆధారమైంది.

అక్కడ నమోదు వేటను కొనసాగించడానికి సాధనమైంది. మన పదవ సెక్షను వేటగాడి మీద నిఘాకు ఉద్దేశించిన పత్రంగానే రూపొందింది. అందులో జింక సంఖ్య ఉంది కాని, ఆ సంఖ్యను మరుసటి ఏటి నిర్ణయంతో ముడిపెట్టిన నిబంధన ఆ సెక్షనులో లేదు.

1991 తరువాత

1991 సవరణ ఒకటి నుంచి నాలుగు వరకు షెడ్యూళ్ళలోని జంతువుల వేటను నిషేధించి, పదవ సెక్షనును తొలగించింది. వేట లేనపుడు వేట చిట్టా అక్కరలేదన్నది తర్కసమ్మతమే. అయితే నివేదించే బాధ్యత పూర్తిగా పోలేదు, దిశ మార్చుకుంది. 39వ సెక్షను ప్రకారం ఆత్మరక్షణలో చంపిన జంతువు, చట్టవిరుద్ధంగా వేటాడిన జంతువు ప్రభుత్వ ఆస్తి. అటువంటిది చేజిక్కినవాడు 48 గంటల్లో పోలీసు స్టేషనుకో అధీకృత అధికారికో తెలపాలి. ఒకనాడు లైసెన్సుదారుడు తన హక్కును వినియోగించుకున్నట్లు చెప్పేవాడు. ఇప్పుడు చెప్పేవాడు తనది కాని ఆస్తి తన దగ్గర ఉందని చెబుతున్నాడు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ చరిత్రకు మరొక కొసను చేర్చింది. సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే అది వేటను, ఉచ్చులు పన్నడాన్ని స్పష్టంగా మినహాయించింది. ఆ చట్టం కింది నియమాలు పెద్దల నోటిమాటను రాసి సాక్ష్యంగా స్వీకరించవచ్చన్నాయి. అంటే భూమికీ అటవీ ఫలసాయానికీ మౌఖిక స్మృతి చెల్లుతుంది. ఊరి స్మృతిలో అంత బలంగా నిలిచిన వేటకు మాత్రం చెప్పుకునే సందర్భమే లేదు. మృగసంపద రక్షణే ఈ మినహాయింపుకు కారణమన్నది నిజం, ఆ లక్ష్యంతో విభేదించనక్కరలేదు. కాని రక్షణ కోసం వేటను ఆపడం ఒకటి, వేటాడినవారి చరిత్రను నేర చరిత్రగా మాత్రమే మిగల్చడం మరొకటి.

ముగింపు

జింకల వేట నమోదు మన దేశంలో మూడు రూపాలు దాల్చింది. కొమ్ముల కొలతగా అది వేటగాడి కీర్తిని, పదవ సెక్షను చిట్టాగా అతడి బాధ్యతను, 1991 తరువాత కేసు కాగితంగా నేరాన్ని రాసింది. మూడింటిలోనూ అడవి వాసి వేట నివేదికగా నమోదు కాలేదు. అడవులు ఖాళీ కావడానికి గిరిజనుల విల్లంబులు ఎంత కారణం, షికారీల తుపాకులు ఎంత కారణం అన్న వాదం వచ్చినపుడు, ఒక పక్షానికి మాత్రమే చిట్టా ఉందన్న సంగతి చరిత్రకారుడు మరవరాదు. చిట్టాలో లేకపోవడం నిర్దోషిత్వానికి రుజువు కాదు, దోషానికీ రుజువు కాదు.

ఈ లోటును కొంతవరకైనా పూడ్చగల ఆధారాలు సాహిత్య విద్యార్థుల చేతిలోనే ఉన్నాయి. వేట పాటలు, పండుగ ఆచారాలు, మృగాల పేర్లు, పంపకపు మాటలు, జాడ తీసే పరిభాష ఇవన్నీ ఒక విధంగా నమోదులే. వాటిని అంకెలుగా మార్చలేము. అయితే ఎవరు వేటాడారు, ఎందుకు వేటాడారు, ఎంతటితో ఆగారు అన్న ప్రశ్నలకు అవి సమాధానమివ్వగలవు. ప్రభుత్వ దస్త్రంతో వీటిని కలిపి చదివినపుడే తెలుగు నేల మీది వేట చరిత్ర సమగ్రమవుతుంది.