స్టూవర్టుపురం

బాపట్ల నుంచి చీరాల వైపు వెళ్లే రైల్లో కూర్చుంటే స్టూవర్టుపురం అనే చిన్న స్టేషన్ వస్తుంది. ‘స్టూవర్టు’ దొర పేరు, ‘పురం’ మన మాట. హెరాల్డ్ స్టూవర్ట్ మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ ఇక్కడ ‘సెటిల్మెంటు’ పెట్టి, ఆయన పేరు తగిలించింది.

ఇక్కడికి తెచ్చిపెట్టింది ఎరుకల కుటుంబాలను. వాళ్లు ఒకప్పుడు కోస్తా ఉప్పును పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు చేర్చి, ధాన్యం తెచ్చుకునే వర్తకులు. రైళ్లు, ఉప్పు చట్టాలు వచ్చి ఆ బతుకుతెరువును దెబ్బకొట్టాయి. పైగా 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. దాంతో పుట్టుకే నేరమైపోయింది. ఊరు దాటాలంటే పాసు, రోజూ హాజరు. చీరాల పొగాకు కంపెనీకి ఈ సెటిల్మెంటు నుంచీ కూలీలు వెళ్లేవారు.

1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది. దొంగలన్న ముద్ర మాత్రం పోలేదు. తెనాలి, రేపల్లెల్లో కూడా దొంగను చెప్పడానికి ఈ ఊరి పేరు వాడినవాళ్లున్నారు. సినిమాలు దానికి ఇంకాస్త మసి పూశాయి. సంఘసేవకురాలు హేమలత లవణం ఏళ్ల తరబడి ఇక్కడ సంస్కరణకు పాటుపడ్డారు. ఇక్కడి పిల్లలు ఉద్యోగాల దరఖాస్తుల్లో రాసుకునేదీ ఈ ఊరి పేరే. దయచేసి దాన్ని తిట్టుగా వాడకండి.