అగ్రికో సైకిళ్ల మీది పాత నలుపు

జంషెడ్‌పూర్‌లోని అగ్రికో పేటకు ఆ పేరు ఒక పనిముట్ల కార్ఖానా నుంచి వచ్చింది. సేద్యపు పనిముట్లు చేసే ఆ కంపెనీ 1920లలో టాటా ఉక్కు సంస్థ చేతికి వచ్చింది. పారలు, గునపాలు నేటికీ ఆ పేరుతోనే అమ్ముడవుతున్నాయి. కొత్త పార మీద కూడా రంగు ఉంటుంది. నాలుగు రోజులు మట్టిలో దిగితే అది పోతుంది, ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే లోపలిది మందపాటి ఉక్కు. ఆ కార్ఖానా గేటు దాకా కార్మికుణ్ణి మోసిన సైకిల్ సంగతి వేరు. ఫ్రేము గొట్టం మందం మహా అయితే మిల్లీమీటరున్నర. అంత పల్చటి ఉక్కుకు రంగు అలంకారం కాదు, ఆయుష్షు. పాత ఫ్రేము బాగుపడాలంటే ముందు రంగంతా ఒలిచేయాలన్న నమ్మకం ఈ నేల మీద బలంగా ఉంది. సైకిల్ పరిశ్రమ చరిత్ర చూస్తే అది తప్పని తేలుతుంది.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో సైకిళ్లకు వేసిన నలుపు కుంచెతో పూసింది కాదు. తారు జాతి పదార్థాన్ని అవిసె నూనెతో కలిపి, ఫ్రేమును అందులో ముంచి, కొలిమి గదిలో కాల్చేవారు. తర్వాతి కాలపు స్టవ్ ఎనామెల్‌కూ ఈ కాల్చడమే ప్రాణం. మంచి కార్ఖానాలు రంగుకు ముందు ఉక్కును ఫాస్ఫేట్ ద్రావణంలో శుద్ధి చేసేవి, పూత పట్టు తప్పకుండా, గీత పడినచోట తుప్పు పక్కకు పాకకుండా. ఈ విద్య మన దగ్గరికీ వచ్చింది. సుధీర్ కుమార్ సేన్ నాటింగ్‌హామ్ ర్యాలీ కంపెనీతో కలిసి పొరుగు బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ కార్ఖానా పెట్టాడు. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో మొదలైంది. వీధి చివరి దుకాణంలో కుంచెతోనో స్ప్రేతోనో వేసే ఎనామెల్ ఆ కొలిమి పూతకు సాటిరాదు. కొలిమి పూతను ఒలిచామంటే మళ్లీ తేలేని దాన్ని పారేసినట్టే.

అయితే పూత కింద తుప్పు దాక్కుంటుంది కదా, అతుకుల దగ్గర పగుళ్లు కనపడవు కదా అంటారు. నిజమే. పెడల్ ఇరుసు గూటి కింద నీరు నిలుస్తుంది, ఫోర్క్ మెడ దగ్గర ఒత్తిడి ఎక్కువ. ఆ చోట్ల ఉక్కు తేలేదాకా గీకి చూడాల్సిందే. కానీ రెండు చోట్ల అనుమానం ఉంటే ఫ్రేము మొత్తాన్ని యాసిడ్‌లో ముంచనక్కర్లేదు. గొట్టాల్లోకి దిగిన యాసిడ్ పూర్తిగా బయటికి రాదు, లోపలి నుంచి తినేస్తుంది. ఇంకొకటి, సైకిల్ కార్మికుడి పనిముట్టేగానీ మ్యూజియం వస్తువు కాదన్న మాట. దీన్ని నేను గౌరవిస్తాను. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఈ ఉక్కు ఊరికి చేరిన మనవాళ్లకూ సైకిల్ అంటే జీతం తెచ్చే వాహనమే. అయితే పనిముట్టుగా చూసేవాడు పాత నలుపు మీదే కొత్త రంగు పూస్తాడు, ఒలవడానికి అతనికి తీరికెక్కడిది? ఆ పొరలే అతని చరిత్ర. ఒలవడం తీరిక దొరికినవాళ్ల అలవాటు.

అన్నిటికన్నా బరువైన కారణం ఆరోగ్యం. పాత పసుపు, నారింజ రంగుల్లో సీసపు క్రోమేట్, పాత ప్రైమర్లలో సీసపు సిందూరం ఉండేవి. పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మంటపెట్టి కాలిస్తే పొగే విషం. కాస్టిక్ సోడా పైపైన పూసిన నూనె రంగుల్ని మెత్తబరుస్తుంది, చర్మాన్నీ వదలదు. డైక్లోరోమీథేన్ ఉన్న రంగు తొలగించే ద్రవాలను ఇళ్లలో వాడేందుకు అమ్మకుండా అమెరికా 2019లో నిషేధించింది, వాటి ఆవిరి మనుషుల్ని చంపింది కనుక. మన దేశంలో సీసానికి 90 పీపీఎం హద్దు 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అది ఇంటి రంగులకు, అలంకార రంగులకు మాత్రమే. సైకిల్‌కు వేసే పారిశ్రామిక రంగు ఆ నియమం కిందికి రాదు. కాబట్టి గీకక తప్పనిచోట గరుకు కాగితాన్ని తడిపి గీకండి, మూతికి సరైన మాస్కు కట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. గట్టిగా పట్టుకుని ఉన్న నలుపును మాత్రం ముట్టుకోకండి.