తెనాలి తీర్పు, అమెరికా పౌరసత్వం: సత్ప్రవర్తన రుజువు ఎవరి భారం?

పౌరసత్వం కోరేవారికి మంచి నడవడి ఉండాలని అమెరికా 1790 చట్టంలోనే రాసుకుంది. 1795లో నివాస గడువును ఐదేళ్లు చేసింది. నేటికీ సాధారణ దరఖాస్తుదారు ఐదేళ్ల నడత చూపాలి. అధికారి అంతకు ముందు కాలాన్నీ తరచి చూడవచ్చు. రుజువు చేయాల్సింది దరఖాస్తుదారే. తెనాలి, బాపట్ల, రేపల్లె కోర్టుల్లో మాత్రం నేరం మోపినవారే దాన్ని నిరూపించాలి. అమెరికా పౌరసత్వం కోరే మనవాళ్ల చిక్కులకు మూలం ఇలా భారం చేతులు మారడమేనని నా వాదన.

భర్త, అత్తింటివారి వేధింపులపై 2024 దాకా ఐపీసీలో ఉన్న 498ఎ సెక్షన్ కింద కేసు తీసుకుందాం. హింసకు గురైన స్త్రీకి ఈ సెక్షన్ అవసరం గురించి రెండో మాట లేదు. ఇక్కడి ప్రశ్న వేరు. 2003 సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో కోర్టు అనుమతి ఉంటే ఇందులో రాజీకి వీలు కలిగింది. పెద్దమనుషులు కూర్చుంటారు, సంతకాలవుతాయి, "కేసు కొట్టేశారురా, ఇక గొడవ లేదు" అని తండ్రి అమెరికాలోని కొడుకుకు ఫోన్లో చెబుతాడు. ఏళ్లు గడిచాక పౌరసత్వం కోసం పెట్టే ఎన్-400 దరఖాస్తు అడుగుతుంది: ఏ దేశంలోనైనా, ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీపై నేరాభియోగం మోపారా? కొడుకు లేదని రాస్తాడు. ఇంటర్వ్యూలో ప్రమాణం చేసి అదే చెబుతాడు. కొట్టేసిన కేసు లేనట్టేనని మన ఊళ్లలో గట్టి నమ్మకం. లబ్ధి కోసం ప్రమాణం మీద అబద్ధమాడటం అమెరికా చట్టం ప్రకారం దానికదే సత్ప్రవర్తనకు అడ్డంకి. మోసగించే ఉద్దేశం లేదని ఒప్పించే బరువూ అతని మీదే పడుతుంది. రాజీతో ముగిసిన కేసు కన్నా ఆ ఒక్క "లేదు" ఎక్కువ చేటు చేయగలదు.

నిజం చెప్పినవాడికి కాగితాల పని మొదలవుతుంది. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, తీర్పు నకళ్లు కావాలి. తెలుగులో ఉన్న ప్రతి పుటకూ ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ జతచేయాలి. కొడుకు అక్కడుంటే వకీలు చుట్టూ తిరిగేది ఇక్కడి ముసలి తల్లిదండ్రులే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉంది. పాత రికార్డుల్లో మూడూ గుంటూరు జిల్లావే. ఒకే మనిషికి రెండు జిల్లాలెందుకన్న ప్రశ్నకూ జవాబు సిద్ధం చేసుకోవాలి.

2025 ఆగస్టు మెమోతో అమెరికా సత్ప్రవర్తన పరీక్షను మరింత విస్తరించింది. తప్పు చేయకపోవడం చాలదు. కుటుంబ బాధ్యత, పన్నుల చెల్లింపు, సమాజానికి చేసిన మేలు కూడా తూస్తారు. ఇంతటి విచక్షణ అధికారి చేతికివ్వడం నన్ను కలవరపెడుతోంది.

నడతను సర్కారు ముందే తేల్చేస్తే ఏమవుతుందో బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం చూసింది. 1911 నేరస్థ తెగల చట్టం నీడలో ఎరుకల కుటుంబాలను అక్కడ సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచారు. తెగను నేరస్థులుగా ప్రకటించిన నోటిఫికేషన్‌ను ఏ కోర్టులోనూ ప్రశ్నించే వీల్లేదు. పుట్టుకే అభియోగమైంది. 1952లో దేశవ్యాప్తంగా ఆ చట్టం రద్దయినా ఊరి పేరు మీద మచ్చ మిగిలింది. వలసదారు స్థితి అంత ఘోరం కాదు. అయినా రెండుచోట్లా అనుమానం తొలగించుకోవాల్సింది అనుమానితుడే.

ఆ భారం కొంత తగ్గించేందుకు మన చట్టంలో ఒక లోటు పూడ్చవచ్చు. జైలుశిక్ష పడినవాడికి తీర్పు ప్రతిని వెంటనే ఉచితంగా ఇవ్వాలని 2024 దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 363వ సెక్షన్ చెప్పింది. నిర్దోషిగా బయటపడినవాడు దరఖాస్తు పెట్టుకోవాలి. రాజీకీ నిర్దోషిత్వ ఫలితమే ఉంటుంది కనుక, వీరికీ అదే రోజు ధ్రువీకరించిన ప్రతిని కోర్టే చేతికివ్వాలి.