మూసీ ఒడ్డున అడిగిన ప్రశ్నలు

మా కేతేపల్లి అటు నల్లగొండకూ ఇటు సూర్యాపేటకూ నడుమ ఉంటుంది. ఇప్పుడైతే హైవే మీద బస్సెక్కి ఎటైనా పోవచ్చు. వందేండ్ల కింద ఈ నడుమ ఊళ్లకు కాలినడకే దిక్కు. మా మాదిగవాడల్లోకి సువార్త వచ్చింది కూడా అట్లా నడిచే. దాన్ని తెచ్చింది మిషన్ దొరలని పుస్తకాలు చెప్తాయి. బడిలో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని, పుస్తకాలంటే నాకు గౌరవమే. కానీ ఈ ఒక్క సంగతిలో మా నాయనమ్మ మాటకే ఎక్కువ విలువిస్తాను. ఆమె సూర్యాపేట మిషన్ కింద బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగిన మనిషి.

దొరల సంగతి ముందే చెప్పేస్తాను. 1890లో నల్లగొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ ఇంగ్లీషువాడు కాదు, అమెరికావాడూ కాదు. రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్న మోలొచ్నా అనే సీమవాడు. అది ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉంది. ఇంట్లో మాట్లాడేది జర్మన్. మెన్నోనైట్ బ్రదరెన్ సంఘస్థుడు. వాళ్లు తుపాకి పట్టరు, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధి తెలిసిన మనిషి తన నోటితో తాను ఒప్పుకుంటేనే నీళ్లలో ముంచుతారు. ఫ్రీసెన్ హాంబర్గ్‌లోని బాప్టిస్టు సెమినరీలో చదువుకొని, అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యంలో అడుగుపెట్టాడు. రష్యాలో గోధుమలు పండించుకునే ఆ సంఘపు రైతులు కూడబెట్టి పంపిన డబ్బుతో ఇక్కడ మిషన్ నిలబడింది. తర్వాత వచ్చిన హ్యూబర్ట్ దొర సూర్యాపేటలో ఉన్నాడు. మా దిక్కు వాళ్లకు ఎక్కువగా తెలిసింది ఆయనే.

‘తన నోటితో తాను’ అన్న ఆ నియమమే మా వాడ చరిత్రకు ఆయువుపట్టు. కులపెద్ద తలూపితే వాడంతా మారిపోయిందని చాలామంది రాస్తారు. నిర్ణయం కలిసి తీసుకున్నది నిజమే, మా వాడల్లో ఏ నిర్ణయమైనా అట్లనే జరిగేది. కానీ నీళ్లలోకి దిగేముందు మాత్రం ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టేవాళ్లు. నెలల తరబడి రాత్రిపూట కందిలి పెట్టుకొని పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన, నాలుగు కీర్తనలు నేర్పేవాళ్లు. పొద్దంతా పనికి పోయి వచ్చినవాళ్లు కునుకుతూనే నేర్చుకునేవాళ్లు. ఆ తర్వాత ప్రశ్నలు. మా నాయనమ్మకు పడ్డ ప్రశ్నలను ఆమె ముసలితనంలో కూడా వరుస తప్పకుండా చెప్పేది.

“పాపమంటే ఏంది? ఏసు నీకేమైతడు? సచ్చిన గొడ్డు కూర తినుడు ఇడుస్తవా? ఐతారం పని బంద్ పెడ్తవా? బంద్ పెడితే దొర కొడ్తడు, అప్పుడేం జేస్తవ్?”

ఆఖరి ప్రశ్నలో దొరంటే మిషన్ దొర కాదు, గడీ దొర. ఆనాటి నల్లగొండ పల్లెలో మాదిగవాళ్ల పని వెట్టి. చెప్పులు, మోట తొండాలు, ఎడ్ల పగ్గాలు అన్నీ వాళ్లే చేసివ్వాలి. చావుకూ జాతరకూ డప్పు కొట్టాలి. కబురు మోయమంటే మోయాలి. ఏడు రోజుల్లో ఒక రోజు నాది అనడం ఆ లెక్కలో ఇమడని మాట. డప్పు కొట్టననడం ఇంకా పెద్ద తప్పు. సచ్చిన గొడ్డును తిననంటే దాన్ని ఎవరు ఈడ్చుకుపోవాలన్న తగాదా లేచేది. అంటే ఆ ప్రశ్నలు పరలోకం గురించి అడిగినట్టే ఉన్నా, జవాబుకు వెల మాత్రం మరుసటి ఐతారం ఊళ్లోనే కట్టాలి. ఒక మనిషి ఆత్మకు విలువ ఉందని ప్రసంగం చేయడం తేలికే. గడీలో ‘ఓరి పోచిగా’ అని పిలిపించుకునేవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని ‘నువ్వేమంటవు పోచయ్యా’ అని అడిగి, అతను ఆలోచించి చెప్పేదాకా ఆగడం వేరే సంగతి. మా నాయనమ్మకు దేవుడి మీద నమ్మకం అక్కడే కుదిరిందని నా అనుమానం. ఆమె ఒప్పుకునేది కాదనుకోండి.

ఆమెను ముంచింది మూసీలో. 1963లో మూసీ ప్రాజెక్టు పూర్తయ్యాక ఏటి తీరే మారింది గనుక ఆ మడుగు ఎక్కడుండేదో ఇప్పుడు చూపించలేను.

ఒక్కొక్కరినీ అడగడం సరే, మిషన్ చరిత్రల్లో అందరూ ముందుగా చెప్పేది మాత్రం ఒంగోలు లెక్క. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. తెలుగు బోధకులు ఆరుగురు ఇద్దరిద్దరుగా వంతులేసుకొని నీళ్లలో నిలబడ్డారు. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం కాస్త ఆగి, సాయంత్రానికి ముగించారు. లెక్కేస్తే తలకు అర నిమిషం కూడా రాదు. అర నిమిషంలో ఆత్మకు విలువ కట్టారా అని నవ్వేవాళ్లున్నారు. కరువులో గంజి కోసం మారారన్న మాటా ఉంది. కానీ ఆ అర నిమిషానికి ముందు జరిగింది చూడాలి. 1876–78 కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పని జరిగిన కాలంలో, పదిహేను నెలలు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చినవాళ్లెవరో, మనసు పడి వచ్చినవాళ్లెవరో తేలాలని. కూలి ఆగిపోయాక కూడా వచ్చినవాళ్లే గుండ్లకమ్మలో దిగారు. ఆ పదిహేను నెలల ఆగడమే నాకు 2,222 కన్నా పెద్ద అంకెగా కనిపిస్తుంది.

పైగా ఆ జనాన్ని అక్కడిదాకా తెచ్చింది క్లౌ కాదు. ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి. 1866లో బాప్తిస్మం పొంది, తోళ్ల కోసం తిరిగిన ఊళ్లలోనే చుట్టాల ఇండ్ల అరుగుల మీద కూర్చొని చెప్పుకుంటూ పోయాడు. అంతకు ముందు 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసిన అయిదుగురిలో మిషనరీ జూవెట్ దంపతులు పోగా మిగిలినవాళ్లు నర్సు, జూలియా, రూతు. మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో తర్జనభర్జన పడుతున్న రోజులవి. ఆ ఇద్దరు ఆడవాళ్లు బైబిలు స్త్రీలకు ముందుతరం అని నేను అనుకుంటాను. ఆ కొండ కథలో మాత్రం జూవెట్ పేరే ముందు వినిపిస్తుంది.

బైబిలు స్త్రీ అంటే ఈ కాలపు పిల్లలకు తెలియదు. మగ బోధకుడు వాకిట్లో నిలబడి చెప్పేవాడు. ఆమె పొయ్యి దగ్గరికి పోయేది. చంటిదాని జ్వరం, అత్త సూటిపోటి మాటలు, బియ్యం లేని పూట, అన్నీ విన్నాక కథ చెప్పేది. మా నాయనమ్మకు ఇష్టమైన కథ తప్పిపోయిన గొర్రెది. కురుమ ఇండ్లల్లో చెప్తే వాళ్లు నవ్వేవాళ్లట. తొంభై తొమ్మిదిని అడవిలో ఇడిచి ఒక్కదాని కోసం పోతే తోడేలు ఊకుంటదా అని. ఆమె మందతో ఒక పొద్దంతా తిరిగి వచ్చి, కాపరి ఒక్కో జీవాన్నీ ముఖం చూసి పోల్చుకోవడం చూసి, అప్పటి నుంచి కథను వాళ్ల తీరులో చెప్పేది. ఎంతమంది మారారని మిషన్ అడిగేది, ఆమె నెల నెలా చెప్పేది. చాలా నెలలు ఎవరూ లేరనే చెప్పేది.

1914లో యుద్ధం మొదలయ్యాక రష్యా నుంచి డబ్బు ఆగింది. ఆ తర్వాత విప్లవం వచ్చి ఆ దారి పూర్తిగా మూసుకుంది. నల్లగొండ, సూర్యాపేట మిషన్ల భారమంతా అమెరికన్ బాప్టిస్టుల మీద పడింది. పల్లె బోధకులను మాత్రం వాడ ఆడవాళ్లు సాకారు. వండే పూట పిడికెడు బియ్యం తీసి కుండలో వేసి, ఐతారం గుడికి తెచ్చేవాళ్లు. జొన్నలు తినే ఇంట్లో జొన్నలే.

నన్ను బడిలో వేసేటప్పుడు మతం దగ్గర ఏం రాయాలని గుమస్తా మా నాన్నను అడిగాడట. మంచి మనిషే, హిందూ అని రాయిస్తే పిల్లకు పనికొస్తుందని చెప్పి చూశాడట. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాదిగకు ఎస్సీ హోదా లేదు. నాన్న క్రిస్టియన్ అనే రాయించాడు. అందుకే నేను బీసీ-సీ. ఎస్సీలకు పదిహేను శాతం ఉంటే మాకు ఒక్క శాతం. ఉద్యోగం కోసం తిరిగేటప్పుడు ఆ కాగితం చూసి నాన్న మీద కోపం వచ్చేది. అడిగితే, “మీ నాయనమ్మను అడిగినప్పుడు గడీ దొర ముంగట ఉండె. నన్ను అడిగింది గుమస్తానే గద” అన్నాడు.

మా వాడలో చాలా ఇండ్లల్లో కాగితం మీద ఒక మతం, ఐతారం నాడు ఒకటి. నేను వాళ్లను తప్పుపట్టను. పిల్లల సీటు ఆ కాగితం మీదే ఆధారపడి ఉంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాలో ఈ మతం తేడా తీసేయమన్నది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్‌ను వేసి మళ్లీ మొదటి నుంచి విచారణ పెట్టింది.