దత్తత – జనకుని సమ్మతి

మనవారిలో దత్తతలు నోటిమాటతోనే జరుగుట నేఁటికిని గలదు. కావున నీ విషయమున మేమెఱిఁగిన నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

ఐతరేయబ్రాహ్మణమున శునశ్శేఫోపాఖ్యానము గలదు. అజీగర్తుఁ డాఁకటిబాధచే నూఱు గోవులకుఁ దన నడిమి కొడుకును హరిశ్చంద్రసుతుఁడగు రోహితున కమ్మెను. మఱి రెండు నూఱులు గైకొని వానిని యూపమునకుఁ గట్టుటకును, వధించుటకును నొడఁబడెను. దేవతానుగ్రహమున బ్రతికిన యా బాలుని విశ్వామిత్రుఁడు పుత్రునిగాఁ గైకొనెను. జనకుఁడు మరలఁ బిలిచినను బాలుఁడు పోఁడయ్యెను. ఈ స్వీకారమున కొడఁబడని విశ్వామిత్రుని పెద్దకొడుకు లేఁబదిమంది సంతతిలో నాంధ్రులును గలరని యా గ్రంథమే చెప్పుచున్నది.

మనువు, తల్లిగాని తండ్రిగాని యాపత్కాలమునఁ బ్రీతితో నుదకపూర్వకముగా నిచ్చినవానినే దత్తుఁడనెను. వసిష్ఠుఁడు, భర్త యనుజ్ఞ లేక స్త్రీ పుత్రుని నీయరాదనియు, నేకపుత్రుని నీయరాదనియు నియమించెను. ఈ రెండవ నియమమునుగూర్చిన వివాదము చెన్నరాజధానినుండి లండనులోని ప్రీవీకౌన్సిలువఱకుఁ బోయెను. 1899లో బాలుసువారి వ్యాజ్యమున నా వచనము హితోపదేశమేకాని నిషేధము గాదనియు, నేకపుత్రుని దత్తత చెల్లుననియుఁ దీర్పయ్యెను.

1956వ సంవత్సరపుఁ జట్టము, తండ్రి జీవించియుండఁగా బిడ్డ నిచ్చు నధికార మతనిదే యనియు, దానికిఁ దల్లి సమ్మతి వలయుననియుఁ జెప్పెను. 2010 సవరణచే నిరువురకు సమానాధికారము గలిగెను. ఒకరి సమ్మతి లేక వేఱొక రీయరాదు. సన్న్యసించినవారి, హిందూమతమును విడిచినవారి, మతిస్థిమితము లేదని న్యాయస్థానము నిర్ణయించినవారి సమ్మతి మాత్ర మక్కఱలేదు. జనకుఁడు గతించినచోఁ దల్లి తన బిడ్డను రెండవ భర్తకు దత్తత నీయవచ్చునని 2022లో, తెలుఁగునాఁటనుండి వెళ్లిన వ్యాజ్యమున, సర్వోన్నత న్యాయస్థానము పలికెను.

ఇందే చిక్కు గలదు. విడాకులైన తల్లి పునర్వివాహమాడి బిడ్డను రెండవ భర్తకు దత్తత నీయఁగోరినచో జనకుని సమ్మతి వలయునా? ఆ చట్టముప్రకారము వలయును. అతఁడు దూరమున నుండుటగాని, బిడ్డను బోషింపకుండుటగాని యా మినహాయింపులలోఁ జేరలేదు. తెలియక చేసిన దత్తత చెల్లదన్నచోఁ బదేండ్లు పెరిగిన బిడ్డ యే యింటివాఁడని చెప్పుకొనును?

కావున బంధువులు దత్తహోమముకంటె ముందు సమ్మతిని జూచుకొనవలయును. హోమ మావశ్యకము గాదు; నిజముగా నిచ్చుటయుఁ బుచ్చుకొనుటయు నావశ్యకములు. ఇచ్చినవారును బుచ్చుకొన్నవారును సంతకములు చేసిన పత్రమును రిజిస్టరు చేయించినచో న్యాయస్థానము దత్తత సక్రమమనియే మొదట భావించును. ధనము ముట్టుట నేరము. నూఱు గోవుల బేరము నేఁడు చెల్లదు. చెల్లిన దత్తత మరల్చరానిది. కావున జనకుఁడు సంతకమునకు ముందే చక్కఁగ నాలోచించుకొనుఁగాక.

ఇట్లు విన్నవించి విరమించుచున్నాము.