అవాంఛిత రోమాలు – ఎక్స్‌రే నుంచి లేజరు దాకా

పైపెదవి మీదో, గడ్డం కిందో మొలిచిన నాలుగు వెంట్రుకలు ఆడపిల్లను ఎంత క్షోభపెడతాయో మీకు తెలియనిది కాదు. పసిపిల్లకు సున్నిపిండితో నలుగు పెట్టే నాడే మన ఇళ్ళలో ఆ చింత మొదలవుతుంది. ఇప్పుడు బస్తీల్లో 'లేజరుతో శాశ్వత పరిష్కారం' అనే బోర్డులు కనిపిస్తున్నాయి. ఈ 'శాశ్వతం' అనే మాటకు పెద్ద చరిత్రే ఉంది.

1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు, కంట్లోకి గుచ్చుకునే రెప్పవెంట్రుకల కుదుళ్ళను సన్నని సూది ద్వారా విద్యుత్తు పంపి నాశనం చేసే పద్ధతిని ప్రకటించాడు. అదే ఎలక్ట్రాలిసిస్. పని జరుగుతుంది గాని, ఒక్కొక్క వెంట్రుకకు ఒక్కొక్క సూదిపోటు. అంత ఓపిక ఎవరికుంటుంది?

1895లో ఎక్స్‌రే వచ్చింది. మరుసటి ఏడాదే వియన్నాలో లియోపోల్డ్ ఫ్రాయిండ్ అనే డాక్టరు, వీపు మీద వెంట్రుకల మచ్చ ఉన్న ఒక చిన్నపిల్లకు ఆ కిరణాలు పెట్టాడు. వెంట్రుకలు రాలాయి. వీపు పుండు పడింది. ఆ గుర్తులు ముసలితనం దాకా ఆమెను వదలలేదు.

ఇంత జరిగినా, 1920లలో అమెరికాలో 'ట్రైకో' అనే పేరుతో ఎక్స్‌రే సెలూన్లు వెలిశాయి. నొప్పి లేదు, సూది లేదు, యంత్రం ముందు కాసేపు కూర్చుంటే చాలు. వెంట్రుకలు నిజంగానే రాలేవి, అందుకే నమ్మారు. ఏళ్ళు గడిచాక చర్మం ముడతలు పడింది, పుండ్లు లేచాయి, కొందరికి కేన్సరు వచ్చింది.

మరి లేజరు కూడా కిరణమే కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1960లో మైమన్ తయారుచేసిన మొదటి లేజరు వెలువరించింది కెంపు రంగు వెలుగు, ఎక్స్‌రే కాదు. 1983లో బోస్టన్‌కు చెందిన ఆండర్సన్, పారిష్ దాని కిటుకు చెప్పారు. నల్లని పదార్థం వెలుగును పీల్చి వేడెక్కుతుంది. వెలుగును క్షణంలో చిన్న భాగం మాత్రమే వదిలితే ఆ వేడి పక్కలకు పాకదు. 1996లో బోస్టన్ వైద్యులు రూబీ లేజరుతో వెంట్రుకలు తొలగించిన ఫలితాలు ప్రకటించారు.

చిక్కంతా మన రంగుతోనే. వెంట్రుకలో ఉన్న మెలనిన్ చామనఛాయ చర్మంలోనూ ఉంది. తెల్లవాళ్ళకు సరిపడిన రూబీ లేజరు మన చర్మాన్ని కాల్చవచ్చు, మచ్చలు మిగల్చవచ్చు. 1064 నానోమీటర్ల ఎన్.డి. యాగ్ లేజరును పైచర్మం తక్కువగా పీలుస్తుంది కనుక మనకు అది నయం. ఏ లేజరు వాడతారో, మనవంటి చర్మం మీద ఎంత అనుభవం ఉందో ముందే అడగండి. అడగడానికి మొహమాటమెందుకు?

ఒక్కసారితో పోదు. పెరుగుతున్న దశలో ఉన్న వెంట్రుకకే దెబ్బ తగులుతుంది కనుక, నెలా నెలన్నర ఎడంతో ఆరు నుంచి ఎనిమిది సార్లు వెళ్ళాలి. చురుక్కుమంటుంది, కొన్ని గంటలు ఎర్రబారుతుంది. రెండు మూడు వారాల్లో రాలేవి కాలిన వెంట్రుకలే, కొత్తవి మొలిచాయని బెంగపడకండి. ముందు కొన్ని వారాలు పీకడం, వాక్సింగ్ మానాలి, కుదురుంటేనే గదా వేడెక్కేది! షేవింగ్ ఫర్వాలేదు. ఎండకు దూరంగా ఉండాలి. నెలసరి తప్పుతూ గడ్డాన వెంట్రుకలు పెరిగితే ముందు హార్మోన్ల పరీక్ష చేయించుకోవాలి.

అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఎ. లేజరు కంపెనీలను శాశ్వతంగా 'తగ్గించడం' అని చెప్పుకోనిస్తుందే తప్ప, 'తొలగించడం' అననివ్వదు. ఇక నెరిసిన వెంట్రుకలో పీల్చుకోవడానికి రంగే లేదు. దానికి నేటికీ మిషెల్ గారి సూదే గతి.