నౌకాదళ ఉపగ్రహ సమాచార సామగ్రి, సాంకేతికులు

నడిసముద్రంలోని యుద్ధనౌకను ఉపగ్రహం ద్వారా తీరంతోనూ తోటి నౌకలతోనూ కలిపే పరికరాల సముదాయం ఇది. యాంటెనా, ప్రీ-ఆంప్లిఫయర్, ట్రాన్స్‌సీవర్, మోడెమ్, రహస్య సంకేతీకరణ యంత్రం ముఖ్య భాగాలు. వీటి మంచిచెడ్డలు చూసేది ఓడలోని ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్లు. ఈ వృత్తి ఉపగ్రహాలకంటే ముందే పుట్టింది.

పూర్వరంగం

శతాబ్దాలపాటు ఓడలు జెండాలతో, దీపాలతో కబుర్లు పంపుకున్నాయి. 20వ శతాబ్దం మొదట్లో వైర్‌లెస్ వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధంలో రాడార్లు ఓడలెక్కాక, వాటిని బాగుచేయగలవారికి కరవొచ్చింది. 1942లో అమెరికా నౌకాదళం శిక్షణ బాధ్యతను విలియం ఎడ్డీకి అప్పగించింది. జలాంతర్గాముల్లో పనిచేసి, వినికిడి లోపం వల్ల 1934లో పదవీ విరమణ చేసిన ఈ ప్రతిభాశాలి తర్వాత ఫైలో ఫార్న్స్‌వర్త్ దగ్గర టెలివిజన్ పరిశోధనలో పాల్గొన్నారు. షికాగోలో టీవీ కేంద్రం నడిపారు. 'ఎడ్డీ టెస్ట్' అనే ప్రవేశ పరీక్ష నెగ్గినవారికే ఆయన కోర్సులో చోటు. గణితం, సర్క్యూట్లతో మొదలయ్యే చదువు దాదాపు ఏడాది సాగేది. అప్పట్లో రేడియో టెక్నీషియన్ అన్న హోదా 1948లో ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్‌గా మారింది.

చంద్రుడి నుంచి కృత్రిమ ఉపగ్రహానికి

కబుర్లు మోసిన తొలి ఉపగ్రహం చంద్రుడే. నౌకాదళ పరిశోధనశాలకు చెందిన జేమ్స్ ట్రెక్స్‌లర్ మేరీలాండ్‌లో నేలను తవ్వి 220 అడుగుల వెడల్పు, 263 అడుగుల పొడవున్న యాంటెనా కట్టించారు. 1954 జులైలో ఆయన మైకులో పలికిన మాట చంద్రుణ్ని తాకి రెండున్నర సెకన్లలో తిరిగొచ్చింది. వాషింగ్టన్, హవాయి మధ్య ఈ మార్గం కొన్నాళ్లు నడిచింది. అదీ రెండు చోట్లా చంద్రుడు కనిపిస్తేనే.

1963 జులైలో సింకామ్-2 అనే సమాచార ఉపగ్రహం కక్ష్యకు చేరింది. దాని ద్వారా ఆగస్టు 23న అమెరికా అధ్యక్షుడు కెనెడీ వాషింగ్టన్ నుంచి ఫోన్ చేయగా, నైజీరియా ప్రధాని బలేవా లాగోస్ రేవులోని కింగ్స్‌పోర్ట్ ఓడపై నుంచి మాట్లాడారు. ఆ ఓడ మోసిన యాంటెనా వ్యాసం 30 అడుగులు.

ఓడలో భాగాలు

1978 ఫిబ్రవరిలో తొలి ఫ్లీట్‌శాట్‌కామ్ ఉపగ్రహం ఎగిరాక ఈ సౌకర్యం మామూలు యుద్ధనౌకలకూ అందింది. ఓడల్లోని పరికరాల్లో ప్రసిద్ధమైన డబ్ల్యూఎస్‌సీ-3 ట్రాన్స్‌సీవర్ 225-400 మెగాహెర్ట్జ్ మధ్య 7,000 చానళ్లలో పనిచేసేది. ఓడ ఊగినా, తిరిగినా యాంటెనా ఉపగ్రహాన్ని వదలకూడదు. ఓడపై కట్టడాలు అడ్డొస్తాయని పెద్ద నౌకల్లో రెండు పక్కలా యాంటెనాలు పెట్టారు.

ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పుపడతాయి, కేబుల్‌లోకి చెమ్మ దిగుతుంది. సంకేతం బలహీనపడితే టెక్నీషియన్ యాంటెనా నుంచి మోడెమ్ దాకా ఒక్కో దశలో కొలుస్తూ, లోపమున్న సర్క్యూట్ కార్డును పట్టుకుని మారుస్తాడు. కార్డును బాగుచేయాలంటే మైక్రోస్కోప్ కింద సోల్డరింగ్ చేయగల ప్రత్యేక శిక్షణ ఉండాలి. విడిభాగం తెప్పించడానికి 1974 నుంచి 13 అంకెల స్టాక్ నంబరు ఆధారం.

భారత నౌకాదళం

2013 ఆగస్టులో ఫ్రెంచ్ గయానా నుంచి ఎగిరిన జీశాట్-7 భారత నౌకాదళానికి తొలి సొంత ఉపగ్రహం. 'రుక్మిణి' అన్న పేరూ ఉంది. దీని బరువు సుమారు 2,650 కిలోలు. యూహెచ్‌ఎఫ్, ఎస్, సీ, కేయూ బ్యాండ్లలో పనిచేస్తుంది. ఓడల్లో ఇలాంటి పరికరాలు చూసుకునే నౌకాదళ విద్యుత్ విభాగం వారికి జామ్‌నగర్‌లోని ఐఎన్‌ఎస్ వల్సూరాలో శిక్షణ ఇస్తారు. ఇది 1942లో టార్పెడో శిక్షణ కేంద్రంగా మొదలైంది.

రుక్మిణి స్థానంలో పనిచేయడానికి ఉద్దేశించిన సీఎంఎస్-03ను 2025 నవంబరు 2న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ మోసుకెళ్లింది. దాని బరువు దాదాపు 4,400 కిలోలు.